పంపేటప్పుడు ముద్ర వేశారు, తిరిగొస్తే చోటు చూపండి: కువైట్ నుంచి వచ్చిన ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా అధికారులకు, సచివాలయాల ఉద్యోగులకు, బ్యాంకు మేనేజర్లకు, ప్రవాసాంధ్రుల వ్యవహారాలు చూసే పెద్దలకు,

నమస్కారం.

మాది కడప జిల్లా సిద్దవటం మండలంలో పెన్న ఒడ్డున ఒక పల్లె. 2008లో ఇంటిపనికి కువైట్ వెళ్లాను. 2012లో మూడు నెలలు సెలవు మీద వచ్చి మళ్లీ వెళ్లాను. 2024 మే నెలలో ఇక వెళ్లనని నిర్ణయించుకుని ఇంటికి వచ్చేశాను. వచ్చినప్పటి నుంచి నాలుగు అర్జీలు ఇచ్చాను. నాలుగింటికీ రసీదులు ఉన్నాయి. రెండింటికి 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని మెసేజ్ కూడా వచ్చింది. కానీ ఏ సమస్యా తీరలేదు. ఏ కార్యాలయమో, ఏ ఉద్యోగో నేను పేరు రాయను. ఎవరూ నన్ను తిట్టలేదు, తరిమేయలేదు. మాలాంటివాళ్లకు ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే ఈసారి అర్జీ రాయకుండా అందరికీ కలిపి ఉత్తరం రాస్తున్నాను. నేను చెబుతుంటే మా అమ్మాయి ఫోన్‌లో టైప్ చేస్తోంది.

అన్నేళ్లు అక్కడే ఎందుకు ఉండిపోయావని ప్రతి కౌంటర్ దగ్గరా అడుగుతారు. ముందు ఆ సంగతి చెబుతాను.

నేను వెళ్లింది ఇరవై నంబరు వీసా మీద. దాన్నే ఖాదిమా వీసా అంటారు. ఆ వీసా మీద ఉన్నంతకాలం మన అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ చేతిలో ఉంటుంది, పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంటుంది. మొదటి ఇంట్లో నెలకు 45 దినార్లు. అప్పట్లో దినార్‌కు నూట యాభై, నూట అరవై రూపాయలు వచ్చేవి. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, నన్ను బాగానే చూసుకుంది. 2012లో వెళ్లిన రెండో ఇంట్లో మాత్రం పదకొండు నెలల జీతం ఇవ్వలేదు. అడిగితే తలుపుకు తాళం వేశారు. 2014లో ఒక తెల్లవారుజామున చెత్త పడేసే నెపంతో ఆ ఇంటి నుంచి బయటికి వచ్చేశాను. పారిపోయిందని కఫీల్ కేసు పెట్టాడు. ఆ రోజు నుంచి నేను 'కల్లివెల్లి'. అకామా లేకుండా ఉండేవాళ్లను అక్కడ మనవాళ్లు అలా అంటారు. ఇళ్లలో గంటల లెక్కన వంట చేస్తూ, మంచాన పడిన ముసలివాళ్లను చూసుకుంటూ, పోలీసు జీపు కనిపిస్తే సందుల్లోకి తప్పుకుంటూ పదేళ్లు గడిపాను.

2015లో కువైట్ ప్రభుత్వం ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, పని ముగించుకుని పోయేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి అని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లు చేశారు. మంచి చట్టమే. కానీ అకామా లేని మనిషి ఏ ఆఫీసుకు పోయి ఆ చట్టం అడుగుతుంది?

2018లో, 2020లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. అప్పు తీరలేదని రెండుసార్లూ ఆగిపోయాను. మధ్యలో 2019లో నా భర్త గుండెపోటుతో చనిపోయాడు. ఆయన చివరి చూపు ఐఎంఓ వీడియో కాల్‌లోనే. సిగ్నల్ సరిగా లేక బొమ్మ ఆగి ఆగి వచ్చింది. ఆ రోజు నేను వండిపెట్టే ఇంట్లో చుట్టాలకు విందు. కళ్లు తుడుచుకుని అన్నం వడ్డించాను.

2024 మార్చి 17న మళ్లీ క్షమాభిక్ష మొదలైంది, జూన్ 30 దాకా పొడిగించారు. మన ఎంబసీలో ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లకు ఇంటికి పోవడానికి ఇచ్చే కాగితం, తీసుకుని, జరిమానా కట్టకుండా, ఒక బ్యాగుతో చెన్నైలో దిగాను. కడపకు విమానాశ్రయం ఉన్నా గల్ఫ్ విమానాలు రావు. మాకు చెన్నైయే దిక్కు. తిరుపతి మీదుగా బస్సులో ఊరు చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

అయ్యా, వెళ్లేటప్పుడు మా పాస్‌పోర్టు మీద ప్రభుత్వం ముద్ర ఉంటుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి, కావాలి. 2014 నుంచి దానికి ఈ-మైగ్రేట్ అనే కంప్యూటర్ వ్యవస్థ కూడా ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కట్టించుకుంటారు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు ఇస్తారు. మా పేరు, ఊరు, జీతం, యజమాని పేరు అన్నీ రాసుకుంటారు. అదే మనిషి తిరిగి వచ్చినప్పుడు రాసుకునే పుస్తకం ఈ జిల్లాలో ఒక్కటి కూడా నాకు కనబడలేదు. నా బాధంతా ఇక్కడే ఉంది. దీనివల్ల మాలాంటివాళ్లకు ఏమవుతోందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. రేషన్ కార్డు, వేలిముద్ర, ఫోన్ నంబరు

నా పేరు మా ఇంటి కార్డులో లేదు. ఊళ్లో లేని మనిషి పేరు తీసేయడం న్యాయమే, దాన్ని నేను తప్పుపట్టను. తిరిగి చేర్చమంటేనే తిప్పలు. నా పిల్లలు మా అమ్మ కార్డులో ఉన్నారు. నా భర్త పేరుతో ఉన్న కార్డు ఆయనతోనే పోయింది. సచివాలయం మ్యాపింగ్‌లో నేను ఏ ఇంటి మనిషినో తేలలేదు. మా అమ్మ ఇంట్లో చేర్చాలంటే పెళ్లయిన కూతురివి అంటారు. అత్తగారింట్లో చేర్చాలంటే అక్కడ ఉండటం లేదు కదా అంటారు. మరి నేను యాడ ఉండాలి?

సరే, ఈకేవైసీ చేద్దామన్నారు. వేలిముద్ర పడలేదు. పదహారేళ్లు బ్లీచింగ్ కలిపిన నీళ్లతో నేల తుడిచిన చేతులు ఇవి. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఏడుసార్లు పెట్టించారు, కొబ్బరినూనె రాయించి మళ్లీ పెట్టించారు. ఆధార్‌లో కంటిపాపతో, ముఖంతో గుర్తించే పద్ధతులు ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

ఓటీపీతో చేద్దామంటే, 2012లో ఆధార్‌కు ఇచ్చిన నా ఫోన్ నంబరు రీచార్జ్ లేక ఆగిపోయి ఇంకెవరికో పోయింది. నా ఓటీపీలన్నీ ముక్కూమొహం తెలియని మనిషికి పోతున్నాయి. నంబరు మార్చుకోవాలంటే మళ్లీ వేలిముద్రే అడిగారు.

కార్డు లేకపోతే పోయేది బియ్యం ఒక్కటే కాదు. భర్త చనిపోయినవాళ్లకు ప్రభుత్వం 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. దానికి అర్జీ పెడదామంటే ముందు కార్డు తెమ్మన్నారు. ఎన్టీఆర్ వైద్య సేవకూ కార్డే అడిగారు. నాకు నడుములో డిస్కు అరిగింది. ఎనభై కిలోల మామాను రోజుకు నాలుగుసార్లు మంచం మీద నుంచి కుర్చీలోకి ఎత్తిన నడుము. స్కానింగ్‌కు డబ్బు కట్టాను. ఆపరేషన్ మాట ఇంకా ఎత్తలేదు.

2. పుట్టిన తేదీ

ఇది రాయడానికి భయంగా ఉంది. అయినా రాస్తున్నాను, ఇది నా ఒక్కదాని సంగతి కాదు. ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకు గల్ఫ్‌లో ఇంటిపనికి క్లియరెన్స్ ఇవ్వకూడదనేది నిబంధన. మా మంచికే పెట్టారు. కానీ 2008లో నాకు ఇరవై ఏడు. ఏజెంటు నా వయసు నాలుగేళ్లు పెంచి పాస్‌పోర్టు చేయించాడు. నేను సంతకం పెట్టాను. తప్పు నాది కూడా, ఒప్పుకుంటున్నాను. అప్పుడు చేతిలో రెండేళ్ల కొడుకు, ఆరేళ్ల కూతురు, బోరు వేయించి మునిగిన అప్పు ఉన్నాయి.

ఇప్పుడు పాస్‌పోర్టులో ఒక వయసు, ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి. బ్యాంకులో ఒక కాగితం చూపిస్తే రెండోది అడ్డం వస్తుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చట. ఆ ఒక్కసారీ దేనికి సరిపోయేలా మార్చుకోవాలో చెప్పేవాళ్లు లేరు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి వెళ్లిన నా స్నేహితురాళ్లలో ఇదే చిక్కులో ఉన్నవాళ్లు నాకు తెలిసే ఐదుగురు ఉన్నారు. బయటికి చెబితే కేసు అవుతుందన్న టెన్షన్‌తో ఎవరూ నోరెత్తరు. నోరెత్తనివాళ్లను బ్రోకర్లు పట్టుకుంటారు. ఐదువేలు, పదివేలు తీసుకుని ఇంకో తప్పుడు కాగితం పుట్టిస్తారు. తప్పు మీద తప్పు పేరుకుంటోంది.

పరాయి దేశమైన కువైట్ పదేళ్లు అకామా లేకుండా ఉన్న నాకు క్షమాభిక్ష ఇచ్చి పంపింది. నా సొంత దేశం నా కాగితాలకు ఒక్కసారి క్షమాభిక్ష ఇవ్వలేదా?

3. పని

నాకు నలభై మందికి కువైట్ వాళ్ల బిర్యానీలాంటి మచ్‌బూస్ వండటం వచ్చు. ఇన్సులిన్ ఇవ్వడం, పడకపుండ్లు రాకుండా మనిషిని తిప్పడం, మతిమరుపు వచ్చిన ముసలమ్మకు విసుగు లేకుండా అన్నం తినిపించడం వచ్చు. అరబ్బీ మాట్లాడతాను. కడపలో ఇంటి దగ్గర రోగులను చూసుకునే మనుషులను పంపే ఒక చోటుకు వెళ్తే సర్టిఫికెట్ అడిగారు. పదహారేళ్లు చేశానమ్మా అంటే, 'కాగితం ఉంటే చెప్పు' అన్నారు. ఇప్పుడు టమాటా తోటల్లో, పసుపు పొలాల్లో కూలికి పోతున్నాను. కూలి తక్కువ పని అని నా ఉద్దేశం కాదు. ఎండలో వంగి చేయడానికి ఈ నడుము లేవడం లేదు.

చదువు లేకపోయినా చేతిలో ఉన్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అంటారు. మన రాష్ట్రానికి నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా ఉంది. ఆ పరీక్ష గల్ఫ్ నుంచి వచ్చిన ఆడవాళ్ల కోసం పెట్టారని నా చెవిన ఎప్పుడూ పడలేదు.

మగవాళ్ల సంగతీ చెప్పాలి. మాకు అన్న వరసయ్యే ఒకాయన కువైట్‌లో పంతొమ్మిదేళ్లు ట్రైలర్ నడిపాడు. ఇక్కడి లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ టెస్టు పాసవ్వాలి. ఆయనలా లైసెన్సు అక్కడే తీసుకున్నవాళ్లయితే ముందు కారు లైసెన్సు తీసుకుని, ఏడాది ఆగితేగాని ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్‌ఎల్‌ఆర్ కూడా రాదు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, ఇక్కడ ఎడమవైపు. టెస్టు పెట్టడం సబబే, ఆయన కూడా పెట్టమనే అంటున్నాడు. కానీ ఆ ఏడాది ఏం తినాలి? ప్రస్తుతం లారీలో క్లీనర్‌గా పోతున్నాడు, నలభై ఎనిమిదేళ్ల వయసులో.

4. బ్యాంకు

వంట చేసి అమ్ముకుందామని మూడు లక్షల అప్పుకు ఒక బ్యాంకుకు వెళ్లాను. 'మీ పేరు మీద లావాదేవీలే లేవమ్మా, సిబిల్ స్కోరు కూడా లేదు' అన్నారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. పదహారేళ్లు నేను పంపిన డబ్బంతా నా భర్త పాస్‌బుక్కులోకి పోయింది. ఆ డబ్బుతో కట్టిన ఇల్లు ఆయన పేరు మీద ఉంది. ఇంటి కాగితం నా పేరుకు మారాలంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, అది అడిగితే మళ్లీ రేషన్ కార్డు దగ్గరికే వచ్చి ఆగాను. ఎక్స్‌చేంజ్‌లో డబ్బు పంపిన చీటీలు ఒక కవరు నిండా దాచుకున్నాను. మేనేజర్ గారు మర్యాదగానే వాటిని తిప్పి చూసి, 'ఇవి పనికిరావమ్మా' అని ఇచ్చేశారు. పంపిన మనిషి పేరు అన్ని చీటీల మీదా నాదే.

5. పిల్లలు

దీనికి ఏ ఆఫీసు జవాబు చెప్పాలో నాకు తెలియదు. కానీ అన్నిటికన్నా పెద్ద బాధ ఇదే.

నేను వెళ్లినప్పుడు మా చిన్నోడికి రెండేళ్లు. వాడు మా అమ్మను 'అమ్మా' అని పిలిచేవాడు, ఫోన్‌లో నన్ను 'కువైట్ అమ్మ' అనేవాడు. పద్దెనిమిదేళ్ల మీసాల కొడుకు నా ముందుకు వచ్చి, ఏమని పిలవాలో తెలియక 'ఏం కావాలి మీకు?' అన్నాడు. మీకు అన్నాడు. బయట మనిషితో మాట్లాడినట్టు. నేను వండింది తినడానికి వాడికి మొహమాటం. అవ్వ కలిపితేనే సంగటి తింటాడు. ఇంటర్ రెండో ఏడాదిలో చదువు ఆపేశాడని నాకు వచ్చాకే తెలిసింది. ఫోన్‌లో అంతా బాగుందనే చెప్పేవాళ్లు. నేనూ అక్కడ బాగున్నాననే చెప్పాను.

మా అమ్మాయి కొంచెం నయం, దానికి నేను గుర్తున్నాను. ఇది టైప్ చేస్తూ ఇక్కడ ఆగిపోయింది. 'రాయమంటావా అమ్మా?' అని అడిగింది. రాయమన్నాను.

ఇప్పటికీ నాకు తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వస్తుంది. బెల్లు మోగినట్టు అనిపించి లేచి కూర్చుంటాను. వీధిలో పోలీసు బండి పోతే గుండె దడదడలాడుతుంది. నా ఊళ్లో నన్ను ఎవరూ పట్టుకోరని మనసుకు చెప్పుకోవాల్సి వస్తోంది. 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది, మనసు బాగా లేనివాళ్లు ఫోన్ చేయవచ్చని ఒక ఆశా కార్యకర్త చెప్పింది. ఆ అమ్మాయి చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. మా పిల్లల చదువుల దగ్గర కూడా వాళ్ల మనసు ఎలా ఉందో కనుక్కునేవాళ్లు ఉండాలి. తల్లి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఎవరో టీచర్లందరికీ తెలుసు. పిల్లవాడు బడి మానేసినప్పుడు ఆ సంగతి తల్లి దాకా చేరవేసే ఏర్పాటు లేదు.

ఊళ్లోవాళ్లతో కూడా ఒక మాట. 'ఎంత తెచ్చినావ్?' అని మొదటి రోజే అడగకండి. మాలో చాలామంది ఆ ప్రశ్నకు భయపడే ఇల్లు కదలడం లేదు.

6. అక్కడ ఆగిపోయిన జీతాలు

నా పదకొండు నెలల జీతం మీద నాకు ఆశ లేదు. కానీ ఇప్పుడిప్పుడే వచ్చినవాళ్లకు రావలసినవి ఉన్నాయి. ఎవరికైనా పవరాఫ్ అటార్నీ రాసిస్తే అక్కడ కేసు నడపవచ్చు. విదేశాల్లో చిక్కుల్లో పడినవాళ్లు ఫిర్యాదు చేయడానికి విదేశాంగ శాఖకు మదద్ పోర్టల్ ఉంది. న్యాయసేవా చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి, దానికి ప్రతి జిల్లాలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఇవన్నీ ఉన్నాయి. మా పల్లెలో ఇవి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. నేను ఒక్కొక్కటీ పదిమందిని అడిగి తెలుసుకున్నాను.

ఇక్కడ కుదురుకోలేని మనిషి మళ్లీ వెళ్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మన ప్రభుత్వం లక్షా 70 వేల మందిని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చింది. మా పక్క ఊరి పెద్దాయన ఆ విమానంలో వచ్చినవాడే. ఇప్పటికీ ఆ మాట చెబుతూ చేతులు జోడిస్తాడు. ఇక్కడ రెండేళ్లు పని వెతికి, దొరక్క మళ్లీ కువైట్‌కే పోయాడు. ఇప్పుడు నాతో క్షమాభిక్షలో వచ్చిన ఒక చెల్లెలు కూడా పోయింది. 2016 నుంచి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లను ఇంటిపనికి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో దానికి ఓంక్యాప్ ఉంది. ఆ దారి ఆమెకు ఎవరూ చూపలేదు. ఏజెంటు విజిట్ వీసా చూపించాడు. ఇంకో దేశంలో దిగింది. నెలన్నర నుంచి ఆమె ఫోన్ పలకడం లేదు. వాళ్ల అమ్మ రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, నీ ఫోన్‌కేమైనా మెసేజ్ వచ్చిందా అని అడుగుతుంది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ తల్లే.

మీరు ఏమీ చేయడం లేదని నేను అనను. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ వాళ్లు గల్ఫ్‌లో చనిపోయినవాళ్లను విమానాశ్రయం నుంచి ఇంటికి ఉచితంగా అంబులెన్సులో చేర్చుతున్నారు. అది పుణ్యమైన పని. పక్కన తెలంగాణలో 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షలు ఇచ్చేలా ఉత్తర్వు ఇచ్చారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి మనవాళ్లు 40 మందికి పైగా చనిపోయినప్పుడు దేశమంతా కన్నీళ్లు పెట్టింది. చనిపోయినవాళ్లను ఇంటికి చేర్చే దారి ఉంది. బతికి వచ్చినవాళ్లకు కూడా ఒక దారి వేయండి అంటున్నాను.

కేరళ వేసింది. అక్కడ ప్రవాసుల కోసమే నోర్కా అనే శాఖను 1996లో పెట్టారు. తిరిగి వచ్చినవాళ్లు సొంత పని పెట్టుకుంటే 30 లక్షల దాకా ఖర్చయ్యే పనికి బ్యాంకు అప్పు ఇప్పించి, అందులో 15 శాతం, 3 లక్షలకు మించకుండా, ప్రభుత్వమే భరించే పథకం ఉంది. ప్రవాసుల సంక్షేమ బోర్డు, పింఛను ఉన్నాయి. నాతో ఒకే గదిలో ఉన్న కేరళ అక్క కూడా నాలాగే ఇంటిపని మనిషే. ఆమె ఇప్పుడు వాళ్ల ఊళ్లో చిన్న పిండిమర పెట్టుకుంది. ఫోన్‌లో మర చప్పుడు వినిపించింది.

మేము అడిగేవి ఇవి.

కడప, బద్వేలు, రాజంపేట, రాయచోటిలో గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాళ్ల కోసం ఒక్కొక్క కౌంటర్ పెట్టండి. రాయచోటి వేరే జిల్లా అయినా బాధ ఒకటే. కొత్త భవనం అక్కర్లేదు, ఒక టేబుల్, విషయం తెలిసిన ఒక మనిషి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే ఒక పుస్తకం చాలు. ఆడవాళ్ల దగ్గర ఆడమనిషి కూర్చుంటే ఇంకా మంచిది.

పాస్‌పోర్టు లేదా ఔట్‌పాస్ మీద తిరిగి వచ్చిన తేదీ చూసి, రేషన్ కార్డులో పేరు చేర్చడం 30 రోజుల్లో పూర్తి కావాలి. భర్త లేని ఆడది ఏ ఇంటి మనిషో ఆమెనే చెప్పనివ్వండి. వేలిముద్ర పడనివాళ్లకు కంటిపాపతోనో ముఖంతోనో చేయండి. ఆ పరికరం ఏ సచివాలయంలో ఉందో, అది ఏ రోజు పనిచేస్తుందో గోడ మీద రాసి పెట్టండి.

పుట్టిన తేదీల తేడాను కేసు భయం లేకుండా సరిచేసుకోవడానికి ఒక గడువు పెట్టి, ఒక్కసారి అవకాశం ఇవ్వమని కేంద్రానికి రాయండి. మేము ఏజెంట్ల పేర్లు చెబుతాము. కేసు వాళ్ల మీద పెట్టండి.

ఏడాదికి రెండుసార్లు కడపలో వంట, రోగుల సేవ, డ్రైవింగ్ పనులకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు ఇవ్వండి. అక్కడ హెవీ లైసెన్సు ఉండి ఇక్కడ టెస్టు పాసైనవాళ్లకు ఆ ఏడాది ఆగే నిబంధన సడలించమని కూడా ఢిల్లీకి రాయండి. బ్యాంకు మేనేజర్లారా, డబ్బు పంపిన చీటీలను ఆదాయపు రుజువుగా చూసే విషయం మీ పైవాళ్లతో మాట్లాడండి. న్యాయసేవాధికార సంస్థ వాళ్లు నెలకు ఒక రోజు ఆ కౌంటర్ దగ్గరే కూర్చుంటే జీతాల కేసుల సంగతి వాళ్లు చూసుకోవచ్చు.

విజిట్ వీసా మీద వెళ్లిన ఆ చెల్లెలి వివరాలు, ఏజెంటు ఫోన్ నంబరు, టికెట్ జిరాక్స్ నా దగ్గర ఉన్నాయి. అడిగినవాళ్లకు ఇస్తాను. మిగతావాటికి నెల పట్టినా, రెండు నెలలు పట్టినా ఆగుతాము. ఆమె విషయంలో మాత్రం ఆగలేము. వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే చోటికి వాళ్ల అమ్మను నేనే తీసుకుని వస్తున్నాను. నాతో వచ్చిన మిగతా ఆడవాళ్లు కూడా వాళ్ల వాళ్ల కాగితాలు కవర్లలో పెట్టుకుని వస్తామన్నారు. దయచేసి ఆ రోజు మా పేర్లు రాసుకోండి.

ఇట్లు,
కువైట్ నుంచి తిరిగి వచ్చిన ఒక తల్లి,
సిద్దవటం మండలం, కడప జిల్లా.